రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటిపన్ను కట్టిన రసీదును మనలో ఎంతమంది పూర్తిగా చదువుతారు? మొత్తం ఎంతయిందో చూసుకుంటాము, చిల్లర సరిగా వచ్చిందో లేదో లెక్కపెట్టుకుంటాము, మడిచి బీరువాలో పడవేస్తాము. ఈసారి కాస్త తీరిక చేసుకుని చూడండి. ఇంటిపన్ను, నీటిపన్ను, వీధి దీపాల పన్ను, వీటి సరసన ఒదిగి ఒదిగి "గ్రంథాలయ పన్ను" అని ఒక పద్దు ఉంటుంది. రూపాయికి ఎనిమిది పైసలు. ఇంటిపన్ను వెయ్యి రూపాయలయితే ఆ గృహస్థు పుస్తకాల కోసం ఎనభై రూపాయలు ముట్టజెప్పాడన్నమాట. ఆయన జన్మలో పుస్తకం తెరవకపోయినా సరే.

భాషకూ కళలకూ ప్రభుత్వం ఏం చేస్తున్నదని సభల్లో తరచు వింటుంటాము. వేదిక మీది పెద్దలు శాలువ సర్దుకుని, "రాజులు పోయారు, రాజపోషణా పోయింది" అని ఒక నిట్టూర్పు విడుస్తారు. సభాసదులు కూడా విడుస్తారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణయినా నాకు ఆ నిట్టూర్పు మీద బొత్తిగా గౌరవం లేదు. రాజపోషణ రుచి ఎలాటిదో శ్రీనాథుణ్ణి అడగాలి. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్నాడు. విజయనగరంలో కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకుంటారు. ఆ కొలువులు కూలినాయి. ముసలితనంలో బొడ్డుపల్లె దగ్గర పొలం గుత్తకు తీసుకుంటే కృష్ణ పొంగి పంట కాస్తా కొట్టుకుపోయిందనీ, గుత్త సొమ్ము చెల్లించలేక మహాకవి శిక్ష అనుభవించాడనీ చాటువులు చెబుతాయి. ఆ కథలో నిజమెంతో పండితులు తేల్చుకోవచ్చును గాని, అయిదారు వందల ఏళ్ళుగా తెలుగువాళ్ళు దాన్ని నమ్ముతూ వచ్చారంటే కారణముంది. దొరగారి దయ దొరగారితోనే పోతుందని అందరికీ తెలుసు.

అదే దయ కాగితం మీదికి ఎక్కితే సంగతి వేరు. గోలకొండ తానీషా కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా రాసి ఇచ్చాడని ప్రతీతి. తానీషా కోట 1687లో మొగలాయిల పాలయింది. ఆయన చెరసాలలోనే కన్నుమూశాడు. భాగవతులు మాత్రం ఊళ్ళో నిలిచారు, గజ్జె కట్టడం మానలేదు. మనసులోని మాట కన్న రాసి ఇచ్చిన మాట ఎక్కువకాలం బతికింది.

రాసి ఇవ్వడం అంటే మరొకటి జ్ఞాపకం వస్తున్నది. మా కారంచేడు నుంచి చీరాల మీదుగా దక్షిణంగా పోతే సముద్రపు టొడ్డున మోటుపల్లి ఉన్నది. ఇవాళ చిన్న పల్లె. కాకతీయుల నాడు మహా రేవు; మార్కోపోలో కూడా ఈ రాజ్యం సంగతి రాశాడు. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో 1244 నాటి గణపతిదేవుని శాసనం ఉన్నది. అంతకుముందు రాజులు, తుపానుకు ఒడ్డెక్కిన ఓడల్లో సరుకంతా మాదేనని లాక్కునేవారట. ఇకమీదట అలా లాక్కోము, ఎగుమతి దిగుమతులకు ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు రాతిమీద చెక్కించాడు. ఎంత తీసుకుంటాడో, దేనికి తీసుకుంటాడో ప్రజలకు తెలిసేటట్టు చెప్పిన రాజు ఆయన. మన రసీదులోని ఎనిమిది పైసల పద్దుకు నేను ఆ రాతికిచ్చే గౌరవమే ఇస్తాను. అందులోనూ ఎంతో ఉన్నది, దేనికో ఉన్నది.

ఈ పద్దు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగి, చందాలు దండి, తాటాకు పాకల్లో గ్రంథాలయాలు పెట్టించారు. తెనాలి ప్రాంతంలోని పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు 1935లో ఏకంగా పడవలోనే గ్రంథాలయం పెట్టారు. పుస్తకాలు కాలువ వెంట ఊరూరికీ పోయేవి. రేవులో బట్టలుతికేవాళ్ళూ, నీళ్ళు ముంచుకునేవాళ్ళూ పడవ ఆగితే పుస్తకం తీసుకునేవారు. అప్పటికి సర్కారు గ్రాంటు లేదు, పన్నూ లేదు.

మా పొరుగున వేటపాలెంలో సారస్వత నికేతనం కూడా ఆ రోజుల్లోదే. 1918లో కొందరు యువకులు చేరి పెట్టుకున్న చిన్న పుస్తకశాల. 1929లో గాంధీగారు వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ సమయంలో విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. చూడటానికి వెళ్ళేవారు ఎక్కువగా ఆ కర్ర చూసి వచ్చేస్తారు. అసలు చూడవలసింది పాత పత్రికల కట్టలు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి రోజుల తెలుగు పత్రిక ఏదైనా కావలసి వస్తే పరిశోధక విద్యార్థికి ముందుగా తోచే ఊరి పేరు హైదరాబాదు కాదు, మద్రాసూ కాదు. నేతగాళ్ళ ఊరు వేటపాలెం. ఆ కాగితాన్ని చెదలు తినకుండా, ఉప్పుగాలికి పొడికాకుండా కాపాడటం ఎంత ఖర్చో, ఎంత చాకిరో దగ్గర నుంచి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మోటుపల్లి రాయి తన్ను తాను కాపాడుకోగలదు. పత్రిక కాగితానికి ఆ శక్తి లేదు.

ఇలా ఊళ్ళవాళ్ళు ముందు చేసి చూపిన తరువాతనే ప్రభుత్వం కదిలింది. రంగనాథన్‌గారు పట్టుబట్టగా మద్రాసు రాష్ట్రం 1948లో గ్రంథాలయ చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో అదే మొదటిది. అప్పుడు విధించిన పన్ను రూపాయికి ఆరు పైలు, అంటే అర్ధణా. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రెండూ కలిసిన తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. అర్ధణా కాలక్రమాన ఎనిమిది పైసలయింది. పంచాయతీ గాని, పురపాలక సంఘం గాని ఇంటిపన్నుతోపాటు ఈ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. సంస్థ దానితో పుస్తకాలు కొనాలి, పత్రికలు తెప్పించాలి, అద్దెలు కట్టాలి, శాఖా గ్రంథాలయాలు నడపాలి. ఇంత చక్కని ఏర్పాటు ప్రపంచంలో చాలా దేశాలకు లేదు. ఇందులో మంత్రిగారి దయ అవసరం లేదు. బడ్జెట్టు నాటి బేరం లేదు. గోడకు సున్నం వేసుకున్నంతకాలం, ఇల్లు ఇల్లుగా ఉన్నంతకాలం పుస్తకానికి పైసలు వస్తూనే ఉండాలి.

వస్తున్నవి. చేరవలసిన చోటికి చేరడంలోనే ఉన్నది చిక్కు. వసూలు చేసినవారు ముందు వీధి దీపాలకూ, మురుగుకాలువకూ, జీతాలకూ వాడుకుని, మిగిలితే గ్రంథాలయానికి పంపుదామనుకుంటారు. మిగలదు. ఏటేటా బకాయిలు పెరుగుతున్నాయని పత్రికల్లో వార్త వస్తూనే ఉంటుంది. పంచాయతీవారిని ఒక్కమాటుగా తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. మంచినీళ్ళ మోటారు కాలిపోయిన రోజున సర్పంచిగారి బల్లమీద ఉన్న డబ్బు ఏ పద్దుదో ఎవరడుగుతారు? కాని ఒకరి పేర వసూలు చేసినది మరొకరికి ఖర్చు పెట్టడాన్ని కుటుంబంలోనే తప్పు అంటాము గదా! పిల్లవాడి ఫీజు డబ్బు తీసి అల్లుడిగారికి పండుగ బట్టలు పెడితే ఇల్లాలు ఊరుకుంటుందా?

మొన్న ఈ సంగతే మాట్లాడుతుంటే మా బాబాయిగారు నవ్వారు. "గ్రంథాలయానికి ఎవడు పోతున్నాడోయ్? అంతా ఫోనులోనే చూసుకుంటున్నారు. ఆ ఎనభై రూపాయలు నాకు తగ్గిస్తే నేనే పేపరు కొనుక్కుంటాను" అన్నారు. లోపల నుంచి పిన్ని అందుకుంది: "మీకేమండీ, మీకు అరుగుమీదికి పేపరు వచ్చేది. మా రోజుల్లో నవల కావాలంటే పిల్లవాడికి చీటీ రాసి లైబ్రరీకి పంపడమే గతి. వాడు సగం దారిలో గోళీలాడుకుని, సాయంత్రానికి రెండో భాగం తెచ్చేవాడు. మొదటి భాగం ఎవరింట్లో ఉందో కనుక్కోవడానికి వారం!" ఆ వారంలో పదిళ్ళు తిరిగి పదిమందితో స్నేహం చేసుకున్నానని కూడా చెప్పింది. ఫోనులో ఆ వసతి ఉన్నట్టు లేదు. బాబాయిగారి ప్రశ్నకు మరో జవాబు, ఏ శాఖా గ్రంథాలయానికైనా పొద్దున్నే వెళ్ళి చూడండి. ఉద్యోగపు పరీక్షలకు చదువుకునే పిల్లలు కుర్చీల కోసం పోటీ పడుతుంటారు. ఇంట్లో వేరే గది లేని పిల్లలు వాళ్ళు.

ఇంకొక సంగతి బాబాయిగారికే కాదు, చాలామంది సాహిత్యాభిమానులకు కూడా తట్టదు. ఇవాళ తెలుగు పుస్తకాన్ని అయిదు వందలో, వెయ్యో ప్రతులు అచ్చు వేస్తున్నారు. ఊరూరా శాఖా గ్రంథాలయాలు ఒక్కొక్క ప్రతి కొంటే చాలు, రచయితకు అచ్చు ఖర్చు వస్తుంది, ప్రకాశకుడు మరో పుస్తకానికి సాహసిస్తాడు, చదువరికి పుస్తకం అందుతుంది. ఒక్క పద్దుతో ముగ్గురు బతుకుతారు. రచయితకు శాలువా కప్పి లక్ష రూపాయలిస్తే సంతోషమే. ఆయన బతుకుతాడు, ఆయన పుస్తకం అటకమీదే ఉంటుంది.

మన ప్రభుత్వాలు భాషకు ఖర్చు పెట్టలేదని అనను. సాహిత్య అకాడమీ 1957లో పుట్టింది. 1983లో ప్రభుత్వం అకాడమీలన్నిటినీ ఎత్తివేసింది. 1985 డిసెంబరులో వాటి ఆస్తిపాస్తులతో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక ప్రభుత్వం పెట్టినది ఇంకొక ప్రభుత్వం తీసివేయడం, మూడో ప్రభుత్వం పేరు మార్చడం మనకు అలవాటయిపోయింది. హైదరాబాదులో 1975లోనూ, తిరుపతిలో 2012లోనూ, మళ్ళీ హైదరాబాదులో 2017లోనూ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. తోరణాలూ భోజనాలూ ఘనంగా జరిగాయి. పాఠ్యపుస్తకాల కోసం 1968లో పెట్టిన తెలుగు అకాడమీ సంగతయితే చెప్పడానికే నోరు రాదు. దాని పేర బ్యాంకుల్లో ఉన్న డిపాజిట్లలో 60 కోట్లకు పైగా నకిలీ కాగితాలతో కాజేశారని 2021లో బయటపడింది. దొంగల సంగతి పోలీసులు చూసుకుంటారు. నాకు నిద్రపట్టనివ్వనిది వేరొక ప్రశ్న: తెలుగులో పాఠ్యపుస్తకం దొరకక విద్యార్థులు జెరాక్సులు తీయించుకుంటుంటే, అన్ని కోట్లు బ్యాంకులో పడుకుని ఏం చేస్తున్నట్టు?

ఢిల్లీ సంగతి కూడా చూద్దాం. 2008లో మనకు ప్రాచీన భాష హోదా వచ్చింది. పటాసులు కాల్చాము. హోదాకు అనుబంధమయిన అధ్యయన కేంద్రం మైసూరులో చాలాకాలం గడిపి, 2020లో నెల్లూరు చేరింది. 2017 నుంచి 2020 దాకా మూడేళ్ళలో సంస్కృతానికి 643 కోట్ల రూపాయలు ఖర్చు చేసినట్టు కేంద్రం లోక్‌సభకు చెప్పింది. అదే కాలంలో తక్కిన అయిదు ప్రాచీన భాషలకూ కలిపి 29 కోట్లు. అందులో తమిళం వాటా పెద్దది. తెలుగుకు మూడు కోట్ల చిల్లర. మలయాళానికీ ఒడియాకూ ఏమీ లేదు. సంస్కృతానికి పెద్ద విద్యాసంస్థలున్నవి, వాటి జీతభత్యాలు ఆ లెక్కలో చేరివున్నవి. అది కూడా చెప్పకపోతే అన్యాయం. సంస్కృతం మీద నాకు కినుక లేదు, ఆ భాష రాకుండా నా పాఠం సాగదు. కాని హోదా అంటే కిరీటమనుకున్నాము. అట్టకిరీటమని తరువాత తెలిసింది.

డబ్బు పోస్తే చాలునా అంటే, అదీ కాదు. ఐర్లండు సంగతి వినండి. జనాభా యాభై లక్షల చిల్లర. 1922లో స్వతంత్రం రాగానే తమ పాత భాష ఐరిషును జాతీయ భాషగా రాజ్యాంగంలో రాసుకున్నారు. బళ్ళో నిర్బంధం చేశారు. 1987 నుంచి సర్కారు లాటరీలో మిగిలినదాంట్లో కొంత కళలకూ భాషకూ ఇస్తున్నారు. 1996లో ఆ భాషకు ప్రత్యేకంగా టెలివిజను పెట్టారు. 2022లో రెండు వేలమంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున జీతం ఇచ్చి చూశారు. బొమ్మ గీసినా, గీయకపోయినా! మన బుర్రకథ దళాలవారు ఇది వింటే ఓడ ఎక్కుతారు. ఇంత చేసినా, 2022 జనాభా లెక్కల్లో మాకు ఐరిషు వచ్చునన్నవారు పద్దెనిమిది లక్షలకు పైగా ఉంటే, బడి బయట రోజూ మాట్లాడేవారు 72 వేలమంది తేలారు. బడిలో నేర్చుకుని బడిలోనే వదిలివేస్తున్నారన్నమాట. మనకు 2011 లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షలమంది నోళ్ళలో తెలుగు ఉన్నది. ఐర్లండువాళ్ళు ఎంత ఖర్చుపెట్టినా కొనలేని వస్తువు మనకు ఊరికే దొరికింది. ఊరికే దొరికింది కాబట్టే దానికి కుర్చీ, బల్ల, దీపం, నాలుగు పుస్తకాలు అమర్చడం కూడా దండుగ అనిపిస్తున్నది.

ప్రభుత్వం డబ్బిచ్చినప్పుడు ఇంకొక పేచీ కూడా ఉన్నది. బుర్రకథకు జీవం పోసిన షేక్ నాజర్‌గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. ఆయన ఉన్న ప్రజానాట్యమండలి ప్రదర్శనలను స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్నేళ్ళకు ప్రభుత్వాలకే బుర్రకథ రుచి తెలిసింది. గుమ్మెట మీద కుటుంబ నియంత్రణా, చిన్న మొత్తాల పొదుపూ పలికించారు. 1986లో నాజర్‌గారికి పద్మశ్రీ కూడా ఇచ్చారు. కళాకారుడికి నాలుగు డబ్బులు వచ్చినవి, సంతోషం. కాని పథకం పాటే పాడాలంటే అది కూలి అవుతుంది గాని పోషణ కాదు. గ్రంథాలయ పన్నులో ఉన్న సుగుణం ఇక్కడే కనిపిస్తుంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకం ప్రభుత్వాన్ని పొగడవచ్చు, తిట్టవచ్చు. రెండూ ఒకే అరలో ఉండాలి.

ఒకే అర అన్నాను. ఒకే బల్ల సంగతి కూడా చెప్పాలి. సినిమా ప్రియులకు కారంచేడు అంటే నిర్మాత రామానాయుడుగారి ఊరు. దేశంలో తక్కినవాళ్ళకు కారంచేడు అంటే 1985 జూలై 17. మాదిగపల్లెవారి మంచినీళ్ళ చెరువు దగ్గర ముందురోజు మొదలయిన తగవు మర్నాటికి మారణకాండ అయింది. ఆరుగురు దళితులను చంపారు, ఆడవాళ్ళమీద అత్యాచారాలు చేశారు. ప్రాణాలు అరచేత పెట్టుకుని జనం చీరాలకు పరుగెత్తారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో గాని రాలేదు. వారసత్వం, సంస్కృతి అని ఉపన్యసించేవాళ్ళం మా ఊరివాళ్ళం ఆ తేదీ దాటవేసి మాట్లాడటానికి వీల్లేదు. నీళ్ళ దగ్గర జరిగినది పుస్తకం దగ్గర జరగకుండా ఉండాలంటే ఆ పుస్తకం ఎవరి దానమూ కాకూడదు. ధర్మాత్ముడు కట్టించిన సత్రానికి ధర్మాత్ముడి షరతులుంటాయి. ఎవరు పంక్తిలో కూర్చోవాలో, ఎవరు అరుగు దిగువన నిలబడాలో ఆయన నిర్ణయిస్తాడు. పన్నుతో నడిచే గదిలో అలా నిర్ణయించే హక్కు ఎవరికీ లేదు. పల్లెలో రేకుల ఇంటికి కట్టిన పన్నులోనూ రూపాయికి ఎనిమిది పైసలే, మేడకు కట్టిన దానిలోనూ ఎనిమిది పైసలే. ఆ రెండిళ్ళ పిల్లలూ ఒకే బల్ల దగ్గర ఒకే పత్రిక కోసం కీచులాడుకుంటే అది నా దృష్టిలో ప్రపంచ మహాసభ కన్న మిన్న. ఆ బల్ల లేకుండా పోతే డబ్బున్న పిల్లవాడికి వచ్చే నష్టం స్వల్పం.

ఇంతకీ మనం చేయగలిగిందేమిటి? చాలా చిన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు పెడితే రుసుము కూడా లేదు. తెల్లకాగితం మీద రెండు ప్రశ్నలు రాయాలి. గడచిన సంవత్సరం మన ఊళ్ళో గ్రంథాలయ పన్ను ఎంత వసూలయింది? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత పంపారు? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తిట్లూ, ఉపదేశాలూ రాయవద్దు. రెండంకెలు అడగండి, చాలు. వెయ్యి గడపలున్న ఊళ్ళో గడపకు ఎనభై చొప్పున అనుకున్నా ఏడాదికి ఎనభై వేలవుతుంది. ఒక గ్రామ గ్రంథాలయానికి పత్రికల ఖర్చూ, మూడు నాలుగు వందల కొత్త పుస్తకాలూ అందులో వస్తాయి.

ఈ లెక్క చెబితే బాబాయిగారికి హుషారు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, కాగితమూ కలమూ తెమ్మన్నారు. "పంచాయతీని నిలదీసి అడుగుతానోయ్!" అన్నారు. రెండేళ్ళ ఇంటిపన్ను ఇంకా కట్టవలసే ఉన్నదని పిన్ని లోపల నుంచి జ్ఞాపకం చేసింది. ముందు అది కట్టి వస్తానని ఆయన చెప్పులు తొడుక్కున్నారు.